మొరం గుంతకు ఎగువన

నాకు రాళ్ల కంటే ముందు మోటార్లు పరిచయం. ఖమ్మంలో మా అబ్బాకు, అంటే మా నాన్నకు, మోటారు వైండింగ్ దుకాణం ఉంది. ముదిగొండ, బోనకల్ రైతులు కాలిపోయిన బోరు మోటార్లను ఆటోలో వేసుకొచ్చి దుకాణం ముందు దింపేవాళ్లు. బడి నుంచి వచ్చి నేను అక్కడే ఒక మూల కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. కొన్ని మోటార్ల మీద తెల్లగా సున్నం గట్టిపడి ఉండేది. కొన్నింటికి ఎర్రటి తుప్పు జిగురుగా పట్టుకుని ఉండేది. కొన్ని పంపుల లోపలి రెక్కలను ఇసుక కోసేసి బ్లేడులా పలచన చేసేది. ఇదంతా నీళ్లు చేసిన పనేనని అబ్బా చెబితే నేను నమ్మలేదు. నల్లాలో వచ్చే నీళ్లకు రంగూ లేదు, పళ్లూ లేవు కదా అని వాదించాను.

"భూమిల అవి ఏం రాళ్లల్ల తిరిగొచ్చినయో నీకేం ఎరుక" అన్నాడు అబ్బా, వైరు చుట్టడం ఆపకుండానే.

ఆయన ఆ మాట అప్పుడే మర్చిపోయాడు. నేను మర్చిపోలేక డిగ్రీలో జియాలజీ తీసుకున్నాను. ఎవరైనా చుట్టాలు వచ్చి "పిల్ల ఏం చదువుతున్నది" అని అడిగితే మా అమ్మ "రాళ్లు" అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఇప్పుడు ఖమ్మంలోనే ఒక చిన్న ఆఫీసులో పని చేస్తున్నాను. ఎక్కడైనా నీళ్లు పాడయ్యాయని ఫిర్యాదు వస్తే, అవి ఎటు నుంచి వస్తున్నాయి, దారిలో ఏం కలుపుకుంటున్నాయి అని తేల్చి రాయడం మా పని. నాకు ఓపిక తక్కువ, ఆరా ఎక్కువ. ఇంట్లో ఈ రెండింటికీ తిట్లు తింటాను, ఆఫీసులో రెండోదానికి జీతం ఇస్తారు.

ఆ ఏడు మాకు చర్ల వైపు, అడవి అంచున ఉన్న ఒక గూడెం పని వచ్చింది. గూడేనికి కొంచెం పైన, రోడ్డు వేయడానికి మొరం తవ్విన గుంత ఒకటి ఉంది. రోడ్డు పూర్తయ్యింది, గుంత మిగిలింది. ఖాళీ గుంత కనబడితే ఎవరికో ఒకరికి చెత్త గుర్తుకు రావడం మన దగ్గర మామూలే. ఎక్కడో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే వాళ్లు, మిగిలిన పెంకులు, నల్లటి చిట్టెం లారీలతో తెచ్చి అందులో పోసి పైన మట్టి కప్పారు. కొన్ని వర్షాకాలాలు గడిచాక గూడెం చేతిపంపు నీళ్లలో సీసం తేలింది. పరీక్ష చేసిన అధికారులు పంపుకు ఎర్రరంగు పూసి, తాగొద్దని చెప్పి వెళ్లిపోయారు. మరి ఏం తాగాలో చెప్పలేదు.

ఖమ్మం నుంచి ఆ గూడేనికి వెళ్లే దారంటే నాకు ప్రాణం. మా ఖమ్మం చుట్టుపక్కల అంతా గట్టి బండ. దాంట్లో నీళ్లు ఉండవు, దాని పగుళ్లలో ఉంటాయి. పగులు తగిలితే పంట, తగలకపోతే దుమ్ము. పక్కపక్క చేలల్లో ఒకాయనకు బోరు పొంగుతుంది, ఇంకొకాయనకు పొడి పిండి లేస్తుంది. కొత్తగూడెం దాటి అడవిలోకి పోయేకొద్దీ ఇసుకరాయి వస్తుంది. ఇది వేరే గుణం. ఇడ్లీ సాంబారు పీల్చుకున్నట్టు ఒళ్లంతా నీళ్లు పట్టుకుంటుంది. అందుకే అక్కడ వాగులు వానలు పోయాక కూడా కొన్నాళ్లు పారుతూనే ఉంటాయి. నేను ప్రతి మలుపు దగ్గరా బండి ఆపించి రోడ్డు పక్కన కోసిన గట్టు మీద సుత్తితో కొట్టి చూసేదాన్ని.

"ఈ రాయి గూడ మనతోనే వస్తదా మేడం?" అని అడిగేవాడు మా డ్రైవరు. వచ్చేదని అతనికి తెలుసు. నా రాళ్ల బరువుకు బండి స్ప్రింగులు పోతున్నాయని ఆఫీసులో చెప్పింది కూడా అతనే. పోలీసు క్యాంపు దగ్గర జవాన్లు మా డబ్బాలన్నీ తెరిపించి, లోపల నిజంగానే రాళ్లు ఉండటం చూసి ఇంకా ఎక్కువ అనుమానపడేవాళ్లు.

గూడెంలో మాకు తోడు దొరికింది ఒక పెద్దమ్మ. చేతిపంపు ఆమె ఇంటి ముందే ఉంది. వాళ్లు ఇంట్లో కోయ మాట్లాడుకునేవాళ్లు, నాతో తెలుగు. ఆమె కొడుకు కూలికీ, పోడుకూ వెళతాడు. కోడలికి తొలి చూలు. మేము వెళ్లేసరికి ఆ అమ్మాయి బిందె పట్టుకుని వాగుకు బయలుదేరుతుంటే, పెద్దమ్మ ఆ బిందె లాక్కుని తను పోయింది. వాగు ఇసుకలో చెలమ తీసి, మొదట ఊరిన నీళ్లు తోడి పారబోసి, తర్వాత ఊరిన వాటిని ముంతతో బిందెలో నింపుకోవాలి. ఆమె వెనకాలే వెళ్లి చూసి వచ్చాను. వానలు పడితే ఆ వాగు బురదగా పొర్లుతుంది, ఎండలు ముదిరితే చెలమ లోతవుతుంది.

"కోడలు నీళ్లాడే నాటికి ఈ పంపు సంగతి తేల్చురి బిడ్డా" అంది పెద్దమ్మ. "గిట్ల బిందెలు మోసుకుంట బాలింతను ఎట్ల సాకాలె?"

సంగతి తేలడం అంటే ఏమిటో చెబుతాను. గుంతను పూడ్చకుండా వదిలేసినందుకు ఖర్చంతా తన మీద పడుతుందని, మొరం తవ్విన కాంట్రాక్టరు ఒకే మాట మీద ఉన్నాడు. గుంత వల్ల కాదు, ఈ గుట్టల రాయిలోనే సీసం ఉంది, నీళ్లలోకి పుట్టుకతోనే వస్తోంది అని. అది నిజమైతే ఎవరి తప్పూ లేదు, ఎవరూ ఏమీ ఎత్తిపోయనక్కర్లేదు, పని మూసేస్తారు. గుంత వల్లే అని తేలితే చెత్తంతా ఎత్తించి, గూడేనికి వేరే చోట మంచి బోరు వేయించాలి. నిజం చెప్పాలంటే కాంట్రాక్టరు మాటను నేను వెంటనే కొట్టిపారేయలేదు. పాత ఖమ్మం జిల్లా రాళ్లలో లేనిదంటూ లేదు. సీసం రాయి కూడా అక్కడక్కడా ఉంటుంది. ఆ అనుమానమే నాకు హుషారు.

దాన్ని తేల్చే పద్ధతి తేలిక. భూమి కింద నీళ్లు కూడా పల్లానికే పోతాయి. గుంతకు దిగువన, పంపు వైపు రెండు సన్నటి బోర్లు వేశాం. గుంతకు ఎగువన, అడవి వైపు ఇంకొకటి. ఎగువ బోరులోకి గుంత నీళ్లు ఎక్కలేవు. కాబట్టి దానిలో ఉండేది గుట్ట సొంత నీళ్లు. దిగువన సీసం ఉండి ఎగువన లేకపోతే దోషం గుంతది. ఎగువన కూడా ఉంటే దోషం గుట్టది. ఈ మాటే పెద్దమ్మకు కూడా చెప్పాను. పంపు వైపు చేయి చూపి ఇవి చెడ్డ నీళ్లని, పైకి చూపి అవి మంచి నీళ్లు కావాలని మనం కోరుకుంటున్నామని. ఆమె తలూపి, పైబోరు దగ్గర కాసేపు నిలబడి వచ్చింది.

బోరు దిగుతుంటే పైకి వచ్చే రాతి పిండిని పొర పొరకూ డబ్బాల్లో పెట్టుకున్నాను. పైన ఎర్రమట్టి, దాని కింద పసుపుపచ్చ ఇసుకరాయి, ఇంకా కింద తెల్లటిది, నోట్లో వేసుకుంటే కరకరలాడేంత శుభ్రమైన ఇసుక. వేసుకుని చూశాను కూడా. డ్రైవరు ముఖం తిప్పుకున్నాడు. బోర్లకు మూతలు పెట్టాం. తాళాలు తర్వాత వస్తాయని ఆఫీసు వాళ్లు అన్నారు. కొన్నాళ్ల తర్వాత మళ్లీ వెళ్లి మూడింటి నీళ్లూ సీసాల్లో పట్టుకుని ల్యాబుకు పంపాం.

రిపోర్టు మెయిల్‌లో వచ్చింది. దిగువ బోర్లు రెండింటిలోనూ సీసం ఉంది, గుంతకు దగ్గరగా ఉన్నదానిలో ఎక్కువ, దూరంగా ఉన్నదానిలో తక్కువ. అంతవరకు బాగానే ఉంది. ఎగువ బోరులో మాత్రం ఆ రెండింటి కంటే ఎక్కువ ఉంది.

మా సారు ఒకసారి చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. "గుట్టల్నే ఉన్నదంటే అయిపాయె. రాసి పంపెయ్" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, అలసిపోయిన మనిషి. ఆ సాయంత్రానికే కాంట్రాక్టరు మనిషి ఫోను చేసి, మా పని చాలా నాణ్యంగా ఉందని మెచ్చుకున్నాడు. నా పనిని మెచ్చుకుంటే అంత ఒళ్లు మండటం అదే మొదటిసారి.

నాకు నిద్ర పట్టలేదని చెప్పను, పట్టింది. కానీ పొద్దున లేవగానే ఆ అంకెలే కళ్ల ముందు తిరిగాయి. సీసం రాయిలో నుంచి వచ్చేదైతే ఒంటరిగా రాదు. జింకునూ గంధకాన్నీ, అన్ని చుట్టాలనూ వెంటబెట్టుకుని వస్తుంది. ఎగువ బోరు నీళ్లలో ఆ చుట్టాలు ఒక్కరూ లేరు. మిగతా అన్ని విషయాల్లో అవి వాన నీళ్లంత తేలికగా ఉన్నాయి. డబ్బాల్లోని రాతిపిండిని పొర పొరా భూతద్దం కింద పెట్టి చూశాను. సీసం రాయి ఉంటే తళుక్కుమంటుంది, కనబడకుండా పోదు. ఒక్క మెరుపు లేదు. మరి ఈ సీసం ఎక్కడి నుంచి దిగింది? ఎవరైనా కావాలని పోశారా అనిపించింది. కాంట్రాక్టరు మీద నాకు అప్పటికే కోపం కాబట్టి అది ఆయన పనే అని నమ్మడం సులువుగా ఉంది. నమ్మేశాను కూడా. డ్రైవరును పిలిచి బండి తీయమన్నాను.

"సారుకు చెప్పిండ్రా మేడం?" అన్నాడు.

"వచ్చినంక చెప్తా."

గూడెం చేరి నేరుగా పైబోరు దగ్గరికి వెళ్లాం. మూత తీసి, తాడుకు కట్టిన సన్నటి గొట్టపు బొక్కెనను అడుగు దాకా వదిలాను. మొదటిసారి నీళ్లు పట్టినప్పుడు మధ్యలోంచే పట్టాం, అడుగు తాకలేదు. ఇప్పుడు అడుగున ఏదో మెత్తగా తగిలింది. పైకి లాగి తెల్లటి పళ్లెంలో ఒంపితే పసుపూ ఎరుపూ కలిసిన బురద.

"జేగురు మన్ను మేడం" అన్నాడు డ్రైవరు.

నేను ఏ మన్నునైనా వాసన చూస్తాను. చూశాను. మా అమ్మ పప్పులో వేసే వాసన వచ్చింది. మళ్లీ చూశాను. అనుమానం లేదు, అది వంటింటి పసుపే. ఇసుకరాయిలో పసుపు పండదు. నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. గబగబా పెద్దమ్మ ఇంటికి దిగాను.

ఆమె చేటలో ఇప్పపువ్వు చెరుగుతోంది. నేను అడగడం ఆలస్యం, ఏ దాపరికం లేకుండా చెప్పేసింది.

"అవ్ బిడ్డా, మేమే ఏసినం. కొత్తగ గంగమ్మ పడితె పసుపు కుంకుమ ఇయ్యాలె గద. మీ మిషినోల్లు మిషినుకు కాయ గొట్టుకున్నరు, గంగమ్మకు ఏం బెట్టలె. మీరు మర్సిపోయిండ్రని మేమే నలుగురం ఆడోల్లం బోయినం."

"మూడు బోర్లకూ ఏసిండ్రా?"

"కిందియి చెడ్డనీళ్లంటివి గద, వాటికెందుకు? పైదానికే. అది మంచిగుంటె మాకే బోరేస్తరంటివి. పిడికెడు పసుపు, సగం భరిణె కుంకుమ. ముంతెడు వాగు నీళ్లు గూడ పోసి మొక్కినం. తల్లి నిలవాలని."

గూడెంలోని ఆడవాళ్లు ఆ ఒక్క బోరు మంచిది కావాలని మొక్కి, ఆ మొక్కుతోనే దాన్ని చెడ్డదని రాయించబోయారు. కాంట్రాక్టరు ఎంత పైరవీ చేసినా తనకు ఇంత మేలు చేసుకోలేడు. మీ మంచితనం పాడుగాను అని తిట్టాలనిపించింది. తిట్టలేదు. ఎవరూ అడగకుండానే గుట్ట ఎక్కి వెళ్లి మొక్కిన వాళ్లను ఏమని తిడతాం?

"ఆ కుంకుమ జరంత ఇస్తవా పెద్దమ్మా?" అన్నాను.

ఆమె లోపలి నుంచి భరిణె తెచ్చింది. జాతరలో కొన్నదట. కుంకుమ అనుకున్నది కుంకుమ కాదు, నారింజ ఛాయ కొట్టే సింధూరం, వేళ్ల మధ్య బరువుగా జారే పొడి. అలాంటి పొడుల్లో కొన్నింటిలో సీసం కలిసి ఉంటుందని చదువుకున్న సంగతి అప్పుడు తట్టింది. చిటికెడు సీసాలో వేసుకున్నాను. మర్నాడు కంప్రెసర్ తెప్పించి ఆ బోరులోకి గాలి కొట్టించాం. మొదట పచ్చగా, తర్వాత బురదగా, చివరికి తేటగా నీళ్లు ఎగిరాయి. తేరుకోవడానికి వదిలి, మళ్లీ వెళ్లి నీళ్లు పట్టాం. ఈసారి మూతకు తాళం వేశాం, తాళంచెవి పెద్దమ్మకే ఇచ్చాం, ఆమె దాన్ని మెడలోని దారానికి కట్టుకుంది.

రెండో రిపోర్టులో ఎగువ బోరు నీళ్లు కడిగిన ముత్యంలా ఉన్నాయి. సీసం ఉందో లేదో పట్టే మిషను కూడా పట్టలేకపోయింది. చిటికెడు పొడి రిపోర్టు కూడా దాంతోనే వచ్చింది. నిండా సీసమే. అంటే కథ మొత్తం అతికింది. నేను కుర్చీలోంచి లేచి సారు గదిలోకి దాదాపు పరిగెత్తాను. ఆయన రెండు రిపోర్టులూ చదివి, కళ్లద్దాలు తీసి, "పసుపు కుంకుమ గురించి ఇంగ్లీషులో ఎట్ల రాస్తవో రాయి మరి" అన్నాడు. రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను. కాంట్రాక్టరు మనిషి మళ్లీ ఫోను చేయలేదు.

పై ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చాక, గుంతలో చెత్త ఎత్తడం మొదలయ్యిందని తెలిసి ఆ గూడేనికి వెళ్లాను. చూడాలనిపించింది. లారీల మీద పట్టాలు కప్పి తాళ్లు కడుతున్నారు. ఎగువన తాగే నీళ్ల బోరుకు చోటు చూసి ముగ్గు పోసి ఉంచారు. పెద్దమ్మ నన్ను చూసి ఎదురొచ్చింది. కోడలికి నెలలు నిండుతున్నాయి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"నీ మాట నిలవడ్డది బిడ్డా" అంది పెద్దమ్మ.

నేను పొంగిపోయి అంతా వివరించడం మొదలుపెట్టాను. ఎగువ నీళ్లు ఎందుకు మంచివో, మొదటిసారి ఎందుకు తప్పు చూపించాయో, ఆ పొడి నిండా సీసం ఎలా ఉందో. ఆ చిక్కుముడి విప్పిన ఆనందం నాకు ఇంకా తగ్గలేదు. ఆమె మధ్యలోనే ఆపింది.

"ఏంది? మా భరిణెల ఉన్నది గూడ సీసమేనా? ఆ గుంతల ఉన్నదేనా?"

"అవ్ పెద్దమ్మా, అదే."

ఆమె నా వైపు కాకుండా కోడలి వైపు తిరిగింది. నేనూ తిరిగాను. ఆ అమ్మాయి నుదుటి మీద, పాపిట్లో అదే నారింజ రంగు. చెమటకు కొంచెం కరిగి ముక్కు మీదికి దిగింది. రోజూ పొద్దున్నే పెద్దమ్మే తన చేత్తో పెడుతుంది. ఇన్నాళ్లూ నేను ఆ పొడిని నా బోరులో పడిన పొడిగానే చూశాను. అది రోజూ ఎక్కడ ఉంటుందో నా ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

పెద్దమ్మ ముంతలో నీళ్లు తెచ్చి, చీర కొంగు తడిపి, కోడలి ముందు కూర్చుంది. చేయి నుదుటి దాకా వెళ్లి ఆగిపోయింది. కొడుకు బతికుండగా కోడలి బొట్టు తుడవడం ఏ తల్లికైనా చేతకాని పని. ఆమె లేచి వెనక దడి వైపు చూసి కొడుకును కేకేసింది. అతను గొడ్డలి చేత్తోనే వచ్చాడు. ఏదో కోయలో చెప్పి, అతన్ని భార్య పక్కన కూర్చోబెట్టి, అతని చేతిని ఆమె భుజం మీద పెట్టించింది. అతను అలా కూర్చున్నాక, అతని ముఖం చూస్తూ ఆ బొట్టు తుడిచింది. పాపిట కూడా తడి కొంగుతో మళ్లీ మళ్లీ తుడిచింది. ఆమె పెదాలు ఏదో అంటూనే ఉన్నాయి, నాకు అర్థం కాలేదు. కొంగంతా రంగు అంటింది. ఇప్పుడు ఆ కొంగును ఏ నీళ్లలో జాడించాలో తెలియక దాన్ని ముడివేసి చేతిలో పట్టుకుంది.

ఆ అమ్మాయి ఉత్త నుదురుతో నా వైపు చూసి, కడుపు మీద చేయి పెట్టుకుని అడిగింది.

"లోపలి బిడ్డకు ఏం కాలేదు గదా మేడం?"

గుట్ట నీళ్ల గురించి అడిగితే చెప్పేదాన్ని. ఎటు నుంచి ఎటు పోతాయో, దారిలో ఏం కలుస్తుందో కాగితం మీద గీసి చూపించేదాన్ని. ఈ దారి నేను చదువుకున్నది కాదు.

"నాకు తెల్వదు చెల్లె" అన్నాను. "రక్తం పరీక్ష చేస్తె తెలుస్తది. లే, మా బండి ఉన్నది, జల్దీ దవాఖానాకు పోదాం."